పెద్ద ఫైళ్ళ ప్రయాణం

పాత పుస్తకమొకటి స్కాన్ చేసి మిత్రునికి పంపుదామని కూర్చుంటే ఫైలు 300 మెగాబైట్లు తేలుతుంది. జీమెయిలు అనుమతించేది 25. మెయిలు పుట్టింది అక్షరాల కోసం కనుక, జతచేసిన ఫైలులోని ప్రతి 3 బైట్లనూ 4 అక్షరాలుగా మార్చి మోయవలసి వస్తుంది. అంటే ఫైలు దారిలో మూడోవంతు లావెక్కుతుందన్నమాట!

ఫైళ్ళకు వేరే బాట లేకపోలేదు. కాన్పూరు ఐఐటీ తొలి తరగతి విద్యార్థి అభయ్ భూషణ్, అమెరికాలో ఎం.ఐ.టి.లో ఉండగా, 1971 ఏప్రిల్‌లోనే ఎఫ్.టి.పి. తొలి ముసాయిదా రాశాడు. అయితే ఆ బాటన నడవాలంటే సర్వరూ, దానిలో ఖాతా ఉండాలి. సామాన్యులకు అవెక్కడివి?

ఆ లోటులోంచే 2000 తరువాత రాపిడ్‌షేర్, యుసెండిట్, మెగాఅప్‌లోడ్ వంటివి పుట్టుకొచ్చాయి. ఫైలు వారి చేతిలో పెట్టి, లంకె తీసుకుని, మిత్రునికి పంపడమే పని. రాపిడ్‌షేర్‌లో ఉచితంగా దించుకోవడానికి అంకెలు తగ్గేదాకా తెర వంక చూస్తూ కూర్చున్నవారికి ఆ ఓపిక ఇంకా గుర్తుండే ఉంటుంది.

2012 జనవరి 19న అమెరికా ప్రభుత్వం మెగాఅప్‌లోడ్‌ను మూయించింది. అభియోగం కాపీహక్కుల ఉల్లంఘన. దొంగ సినిమాలతో పాటు, సొంత ఫైళ్ళు దాచుకున్న అమాయకుల సొత్తూ ఆ సర్వర్లలోనే చిక్కుకుపోయింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు ముఖ్యమనిపించే రోజు అదే. తపాలా డబ్బాను బీరువాగా వాడుకున్నారు, పాపం. రాపిడ్‌షేర్ కూడా 2015 మార్చి 31న మూతపడింది.

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన విట్రాన్స్‌ఫర్ ఖాతా అడగకుండా 2 గిగాబైట్ల దాకా ఉచితంగా పంపనిచ్చి, కొన్నాళ్ళకు తుడిచేసేది. దాచుకోవడానికి పనికిరాకపోవడమే దాని సుగుణమని నా అభిప్రాయం. దానినీ 2020 మేలో మన టెలికాం శాఖ నిలిపివేయమన్నది. ఫైర్‌ఫాక్స్ సెండ్ కథ మరీ విచిత్రం: తాళంచెవి లంకెలోనే ఉండేది, లోపలి సరుకు మొజిల్లాకు సైతం కనబడదు. ఆ గోప్యత మాల్‌వేర్ పంపేవారికి వరమైంది. 2019లో తెరిచినదాన్ని 2020లో మూసేశారు.

కాబట్టి ఎన్ని గిగాబైట్లు ఇస్తారన్నది నేను చివరగా చూస్తాను. లంకె ఎన్నాళ్ళు బతుకుతుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ముందు. స్కాన్‌లయితే ఒక ప్రతి నా డిస్కులో ఉంచుకుని, రెండోదాన్ని సంకేతపదంతో జిప్ చేసి పంపి, ఆ పదం మాత్రం ఫోనులో చెబుతాను.