టీవీ స్టిక్కులో తేదీ, సమయం సరిచేసుకోవడం ఎలా?

తల్లిదండ్రులకు, విద్యార్థులకు:

కరెంటు పోయి వచ్చినాక టీవీ ఆన్ చేస్తారు. తెలుగు పాఠం చూద్దామని యాప్ తెరిస్తే "ఇంటర్నెట్ లేదు" అని చెప్తుంది. పక్కనే ఫోన్‌లో అదే వైఫైతో అన్నీ బాగానే వస్తుంటాయి. అప్పుడు చాలామంది చేసేది రెండే పనులు: స్టిక్కు చెడిపోయిందని కొత్తది కొనడం, లేదంటే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం. రీసెట్ కొడితే అకౌంట్లు, పాస్‌వర్డులు, యాప్‌లు అన్నీ పోతాయి. పరీక్ష ముందు రోజు రాత్రి ఇట్లా జరిగితే పిల్లల చదువు ఆ పూటకు ఆగిపోయినట్టే.

ఆ రెండింటికంటే ముందు ఒక్కటి చూడండి: టీవీలో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా? హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల తెలుగులో చదివే పిల్లలకు టీవీలో, ఇంటర్నెట్‌లో దొరికే తెలుగు పాఠాలు పెద్ద ఆసరా. అందుకే ఈ చిన్న పని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

గడియారం తప్పితే యాప్ ఎందుకు ఆగుతుంది?

మన పిల్లల బస్ పాస్ గుర్తు చేసుకోండి. దాని మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. కండక్టర్ చేతిలో పాత క్యాలెండర్ ఉంటే "ఈ పాస్ ఇంకా మొదలే కాలేదు" అంటాడు. పాస్ మంచిదే, తప్పు క్యాలెండర్‌ది.

వెబ్‌సైట్లకు, యాప్‌లకు కూడా ఇట్లాంటి పాస్ ఉంటుంది. దాన్ని సెక్యూరిటీ సర్టిఫికెట్ అంటారు. టీవీ తన గడియారం చూసి ఆ సర్టిఫికెట్ ఈ రోజుకు చెల్లుతుందా అని లెక్క వేస్తుంది. గడియారం 1970లోనో 2015లోనో ఉంటే, చెల్లదని తలుపు మూసేస్తుంది. తెర మీద మాత్రం "నెట్‌వర్క్ లోపం" అని వస్తుంది.

చాలా స్టిక్కులలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఇంటర్నెట్‌ను అడిగి సమయం తెలుసుకుంటాయి. కరెంటు రాగానే టీవీ ముందు లేచి, వైఫై రౌటర్ ఆలస్యంగా లేస్తే, అడిగినప్పుడు జవాబు చెప్పేవాళ్లుండరు. కేబుల్, డిష్ బాక్సులకు ఈ ఇబ్బంది తక్కువ. వాటికి సమయం ప్రసారంతో పాటే వస్తుంది.

ముందు నిమిషాలు చూడండి

టీవీలో సమయాన్ని ఫోన్‌లో సమయంతో పోల్చండి.

* నిమిషాలు సరిగ్గా ఉండి గంట మాత్రం తేడాగా ఉంటే, లేదా తేడా సరిగ్గా అరగంటల లెక్కలో ఉంటే, టైమ్ జోన్ తప్పు. సాయంత్రం 7:00 అయితే టీవీలో మధ్యాహ్నం 1:30 అని ఉందా? అది గ్రీనిచ్ సమయం. 5:30 అని ఉందా? దుబాయ్ సమయం. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన స్టిక్కులో కాలిఫోర్నియా సమయం ఉంటే పన్నెండున్నర గంటలో, పదమూడున్నర గంటలో వెనక చూపిస్తుంది.
* తేదీ ఏళ్ల తరబడి వెనక ఉంటే, లేదా నిమిషాలు కూడా కలవకపోతే, టీవీకి సమయం అందలేదు.
* 19:00 అని ఉంటే తప్పు కాదు. అది 24 గంటల పద్ధతి. 12 తీసేస్తే సాయంత్రం 7.
* 04/03 అని ఉంటే కంగారు పడొద్దు. అమెరికా పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు.

సరిచేసే పద్ధతి

మోడల్‌ను బట్టి పేర్లు కొంచెం మారొచ్చు. వరుస మాత్రం దాదాపు ఇదే.

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ:
1. సెట్టింగ్స్ (పళ్లచక్రం బొమ్మ) తెరవండి.
2. సిస్టమ్‌లోకి వెళ్లండి. పాత టీవీల్లో దాని పేరు డివైస్ ప్రిఫరెన్సెస్.
3. డేట్ అండ్ టైమ్ నొక్కండి.
4. ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్ దగ్గర "యూజ్ నెట్‌వర్క్ ప్రొవైడెడ్ టైమ్" ఎంచుకోండి.
5. టైమ్ జోన్‌లో ఇండియా స్టాండర్డ్ టైమ్, లేదా కోల్‌కతా, జీఎంటీ+05:30 ఎంచుకోండి.

ఫైర్ టీవీ స్టిక్కు: ఇందులో గంట, నిమిషం మనం చేత్తో మార్చలేం. అవి ఇంటర్నెట్ నుంచే వస్తాయి. సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్ లోపల టైమ్ జోన్ మాత్రం మార్చుకోవచ్చు. సమయం అప్పటికీ తప్పుగా ఉంటే రిమోట్‌లో మధ్య బటన్, ప్లే బటన్ రెండూ కలిపి 5 సెకన్లు నొక్కి పట్టుకోండి. స్టిక్కు రీస్టార్ట్ అవుతుంది.

యాప్‌లు టీవీలోనే ఉంటే: సెట్టింగ్స్‌లో జనరల్ కింద టైమ్ అనే చోటు వెతికి, ఆటో అని పెట్టండి.

అయినా కుదరకపోతే

1. టీవీ, రౌటర్ రెండిటినీ ప్లగ్ దగ్గర ఆఫ్ చేయండి. ముందు రౌటర్ ఆన్ చేసి, ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చిందాకా ఆగండి. తర్వాత టీవీ ఆన్ చేయండి. చాలా ఇళ్లల్లో ఇంతటితోనే సరిపోతుంది.
2. ఫోన్ హాట్‌స్పాట్‌కు టీవీని కలిపి చూడండి. అప్పుడు సమయం సరయితే లోపం స్టిక్కుది కాదు, రౌటర్‌ది లేదా లైన్‌ది.
3. గూగుల్ టీవీలో ఆటోమేటిక్ ఆఫ్ చేసి, ఫోన్ చూసి తేదీ, సమయం చేత్తో పెట్టండి. యాప్‌లు తెరుచుకున్నాక మళ్లీ ఆటోమేటిక్ ఆన్ చేయడం మరవొద్దు.
4. ఇవన్నీ చేసినాకే రీసెట్ మాట.

మన ఊరి పేరు ఎందుకు లేదు?

పిల్లలు అడిగే ప్రశ్న ఇది. టైమ్ జోన్ జాబితాలో చెన్నై, హైదరాబాద్ కూడా చాలాసార్లు కనిపించవు. దేశమంతటికీ ఒకే సమయం కాబట్టి ఒక్క కోల్‌కతా పేరు సరిపోతుంది. 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఆంధ్రలో కాకినాడకు దగ్గరగా వెళ్తుంది. అంతకుముందు రైళ్లు మద్రాసు సమయంతో నడిచేవి. అది ఇప్పటి సమయానికి సుమారు 9 నిమిషాలు వెనక.

హోసూరు ఆ రేఖకు పడమరగా ఉంది. అందుకే మనకు సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటలకు కాదు, సగటున 12:19కి. ఫిబ్రవరి మధ్యలో ఇది 12:33 దాకా పోతుంది, నవంబరు మొదట్లో 12:02కే వస్తుంది. ఎండలో ఒక కర్ర నిలబెట్టి, నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉందో రాసుకోండి. మంచి సైన్సు ప్రాజెక్టు అవుతుంది. సూర్యోదయం చూసి లెక్కగట్టే పంచాంగ సమయాలు ఊరూరికీ కొంచెం మారేది కూడా ఇందుకే. దానికోసం టీవీ గడియారం మార్చాల్సిన పని లేదు. విజయవాడ నుంచి సాయంత్రం 7 గంటలకు కార్యక్రమం అంటే మనకూ 7 గంటలకే.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు టీవీ చూసే గంటలకు హద్దు పెట్టిన ఇళ్లల్లో, ఆ హద్దు దాటడానికి కొందరు గడియారాన్నే వెనక్కి తిప్పుతారు. తర్వాత యాప్‌లు తెరుచుకోక ఇంట్లో అందరికీ తిప్పలు. కరెంటు పోకుండానే సమయం తేడాగా కనిపిస్తే ముందు పిల్లల్ని మెల్లగా అడగండి. ఆటోమేటిక్‌లోనే ఉంచండి.

విద్యార్థులారా, మెనూ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఇంట్లో అవ్వాతాతలకు ఈ పని కష్టం. ఒకసారి మీరే పక్కన కూర్చొని, రిమోట్ వాళ్ల చేతికిచ్చి, చేయించి చూపించండి. ఈ పేజీని ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకుంటే కరెంటు పోయిన రోజు పనికొస్తుంది.