ఎవరి కోసం వేసిన బాట? విశాఖ మన్యంలో సొంత వాహనం లేని జీవనం: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విశాఖపట్నం చరిత్ర అనగానే రేవు, నౌకా నిర్మాణం, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. ఈ మూడింటికీ వెనుక ఉన్న కొండ ప్రాంతంలో మనుషులు ఒక చోటి నుండి మరొక చోటికి ఎలా వెళ్ళారన్న ప్రశ్న అంత తరచుగా వినిపించదు. వాహన చరిత్ర అంటే వాహనం ఉన్నవారి చరిత్రగానే సాగడం దీనికి ఒక కారణం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కారు, జీపు లేదా వ్యాను ఉన్న కుటుంబాలు 4.7 శాతం. గ్రామీణ ప్రాంతాల్లో అవి 2.3 శాతం మాత్రమే. కారు లేకపోవడం గ్రామీణ భారతంలో మినహాయింపు కాదు, సాధారణ స్థితి. కాబట్టి కారు లేనివారు ఏమి కోల్పోయారు అని అడగడం కంటే, బాటలు ఎవరి అవసరం కోసం వచ్చాయి, వాటిని వాహనం లేనివారు ఎలా వాడుకున్నారు, అవి ఎక్కడ ఆగిపోయాయి అని అడగడం చరిత్ర విద్యార్థికి ఎక్కువ ఉపకరిస్తుంది.

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని ఏజెన్సీ భాగం ఈ వ్యాసానికి పరిధి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు కేంద్రంగా, ఆ భాగం నేడు ఉంది.

భుజాల మీది ప్రయాణం

మోటారు రాక ముందు తెలుగు నేల మీద ప్రయాణం మూడు విధాలుగా సాగింది: కాలినడకన, ఎడ్ల మీద లేదా ఎడ్లబండిలో, మనుషుల భుజాల మీద. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య చేసిన కాశీయాత్ర ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. తిరుగు ప్రయాణంలో ఆయన గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నాల మీదుగా తీరప్రాంతం వెంబడి వచ్చారు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రా సాహిత్యానికి ఆద్య గ్రంథాలలో ఒకటి. ఆ యాత్ర సాగింది పల్లకీ మోసిన బోయీల భుజాల మీద. ప్రయాణించిన వ్యక్తి రచన మిగిలింది. మోసినవారు తమ మాటగా రాసిపెట్టినది ఏమీ మిగలలేదు.

తీరప్రాంతపు బాటకు పడమరగా తూర్పు కనుమలు లేస్తాయి. అక్కడ ఎడ్లబండికి దారి లేదు. సరకు బంజారాల ఎద్దుల మందల మీద కనుమ దారులు ఎక్కేది. కోస్తా ఉప్పు సాలూరు కనుమ మీదుగా జయపురం, బస్తరు వైపు పోయేది, ధాన్యం కిందికి దిగేది. మందలు వెళ్ళలేని చోట సరకు కావడి మీద, తల మీద సాగేది. మనిషిని మోయవలసి వస్తే డోలీ కట్టేవారు.

డోలీ అన్న మాటకు మూలం ‘డోలా’, అనగా ఊయల. తెలుగులో మనసు ఎటూ తేలనప్పుడు ‘డోలాయమానం’ అంటారు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో గాయపడినవారిని మోయడానికి డోలీ చాలాకాలం వాడుకలో ఉంది. ఆ విధంగా చూస్తే అది అంబులెన్సుకు పూర్వరూపం. మన్యంలో నేటికీ కనిపించే డోలీ మరింత సాదాది. గట్టి కర్రకు దుప్పటినో చీరనో బుట్టనో వేలాడదీసి, రోగిని అందులో పడుకోబెట్టి, ఇద్దరు చెరొక కొసనా భుజాన ఎత్తుకుంటారు. మరికొందరు వంతు మార్చుకోవడానికి వెంట నడుస్తారు. దీన్ని ఒక సాధనంగానే చూస్తే సరిపోదు. ఒక మనిషికి జబ్బు చేస్తే కొన్ని కుటుంబాలు ఆనాటి పని మానుకొని భుజం పట్టవలసిన సామాజిక ఏర్పాటు ఇది.

బాట, వెట్టి, పితూరీ

1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలు సాధారణ న్యాయపాలన నుండి వేరుపడి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు పాలనలోకి వచ్చాయి. ‘ఏజెన్సీ’ అన్న పేరు అలా నిలిచింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్నీ అటవీ ఫలసాయాన్నీ ఆంక్షల కిందికి తెచ్చింది. ఈ పాలన కొండ ఎక్కాలంటే దారి కావాలి. దారి వేయడానికి మనుషులు కావాలి. దొరతనపు అధికారులు పర్యటనకు వస్తే సామాను మోయడం, బాట పనికి పిలిస్తే వెళ్ళడం మన్యం ప్రజలకు వెట్టి అయింది.

1922లో మొదలైన మన్యం పితూరీకి తక్షణ కారణాలలో బాట పని ఒకటి. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి లంబసింగి వైపు వేయించిన రోడ్డు పనిలో గిరిజనులకు చాలీచాలని కూలి ఇచ్చి నిర్బంధంగా పని చేయించాడన్నది చరిత్రకారులు అంగీకరించిన విషయం. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులకు అతనితో ఏర్పడిన వైరం కూడా తెలిసినదే. గూడెం, రంప తిరుగుబాట్ల మీద 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ ప్రచురించిన వ్యాసం 1839 నుండి 1924 వరకు జరిగిన తిరుగుబాట్లను ఒకే వరుసగా చూస్తూ, బయటి అధికారం, బయటి వ్యాపారం కొండల్లోకి చొచ్చుకురావడం వాటికి నేపథ్యమని వివరించింది. ఆ చొచ్చుకురావడానికి కంటికి కనిపించే రూపం రోడ్డు. దాని మీద మొదట వచ్చినవారు పోలీసులు, అటవీ ఉద్యోగులు, కలప వ్యాపారులు, షావుకార్లు. రోడ్డు వేసిన కూలీకి దాని మీద నడిపించుకోవడానికి బండి లేదు.

అల్లూరి సీతారామరాజు దళాలు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడి చేశాయి. మూడు రోజుల్లో మూడు ఠాణాలన్న ఈ వేగం కాలినడకదే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవార్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు మరణించిన ఘటనలోనూ అడవి దారుల ఎరుకే దళానికి బలం. 1924 మేలో రాజు మరణంతో ఉద్యమం అణగింది. కొండ జనం వద్దన్నది తమ మెడ మీద వేసిన బాటను. రాకపోకలను వారు ఎన్నడూ వద్దనలేదు. ఈ భేదాన్ని గమనించకపోతే, రోడ్డును వ్యతిరేకించిన గిరిజనుడు, రోడ్డు అడుగుతున్న గిరిజనుడు పరస్పర విరుద్ధంగా కనిపిస్తారు.

రేవు కోసం వచ్చిన రైలు

1931లో విజయనగరం, రాయపూర్ రైలు మార్గం పూర్తయింది. 1933 అక్టోబరు 7న విశాఖ రేవు ‘జలదుర్గ’ ఓడ రాకతో సముద్ర రవాణాకు తెరుచుకుంది. మధ్యపరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడం ఈ రెంటి ఉమ్మడి ప్రయోజనాలలో ముఖ్యమైనది. స్వాతంత్ర్యానంతరం ఇదే తర్కం మరింత పెద్ద ఎత్తున కొనసాగింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు పరిశ్రమకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో కొత్తవలస, కిరండూల్ మార్గాన్ని నిర్మించారు. అనంతగిరి కనుమలను సొరంగాలతో తొలుచుకుంటూ సాగే ఈ మార్గంలోని శిమిలిగూడ, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున, దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అత్యంత ఎత్తయినదిగా చాలాకాలం పేరు పొందింది. తరువాత వచ్చిన విశాఖ ఉక్కు కర్మాగారానికీ ఈ దారినే ఖనిజం చేరింది.

ఇక్కడ ఒక పోలిక ఉపకరిస్తుంది. ఈ మార్గం నిర్మాణంలో ఉన్న కాలంలోనే, 1963లో, బ్రిటన్‌లో బీచింగ్ నివేదిక నష్టాలు చూపుతూ 2,363 స్టేషన్లను మూసివేయాలని సూచించింది. తమకున్న రైలును పోగొట్టుకొని కారు మీద ఆధారపడవలసి వచ్చిన పల్లెల కథ అక్కడిది. తమ కోసం రాని రైలును తమదిగా చేసుకున్న పల్లెల కథ మన్యానిది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, అరకు వంటి స్టేషన్ల చుట్టుపక్కల గూడేల వారికి కిరండూల్ పాసింజరు సంతకు, ఆసుపత్రికి, బడికి, పట్నంలో కూలి పనికి దారి అయింది. పనసకాయల బస్తా, చీపురు కట్టలు, కోళ్ళ బుట్ట ఆ బండిలో మనుషులతో సమానంగా ప్రయాణించాయి.

అయితే ఈ సౌకర్యానికి హద్దు ఉంది. ఖనిజం గూడ్సులదే అగ్రస్థానం, ప్రయాణికుల బండ్లు అతి కొద్ది. వానాకాలంలో కొండచరియలు విరిగి పట్టాల మీద పడితే వారి దారి తెగిపోతుంది. 2017 ఏప్రిల్‌లో ఈ మార్గంలో పర్యాటకుల కోసం అద్దాల పెట్టె ప్రవేశించింది. ఖనిజం తరువాత ఆ దారికి దొరికిన రెండవ ప్రయోజనం దృశ్యం. నిత్య ప్రయాణికుడి అవసరం ప్రణాళికలో మొదటి వరుసకు రాలేదు.

సంత: నడిచేవారి పంచాంగం

సొంత వాహనం లేని సమాజం అస్తవ్యస్తంగా తిరగదు. దానికొక క్రమం ఉంటుంది. మన్యంలో ఆ క్రమం పేరు సంత. అరకు, పాడేరు, హుకుంపేట, ముంచంగిపుట్టు వంటి చోట్ల వారానికొక రోజు సంత జరుగుతుంది. వ్యాపారి వారం పొడవునా ఒక సంత నుండి మరొక సంతకు తిరుగుతాడు, గూడెంవాసి వారంలో ఒక రోజు నడుస్తాడు. దూరం వెళ్ళవలసిన పనులన్నీ ఆ ఒక్క రోజుకు కూడుతాయి. ఉప్పు, ఎండుచేప, బట్ట కొనడం, పసుపు, చింతపండు, చోళ్ళు, వలిసెలు, అడ్డాకులు అమ్మడం, మందులు తెచ్చుకోవడం, చుట్టాలను కలవడం, పెళ్ళి మాట కదపడం, అర్జీ ఇవ్వడం అన్నీ సంతనాడే. భగత, కొండదొర, పోర్జ, గదబ, కొండు, వాల్మీకి తెగల భాషలు కలుసుకునే చోటు కూడా అదే. అక్కడ తెలుగు, ఆదివాసి ఒడియా వారధి భాషలుగా పనిచేస్తాయి.

నడకకు ధర ఉంది. తెల్లవారకముందే తల మీద పసుపు మూట పెట్టుకొని కొండ దిగిన స్త్రీ, సాయంత్రం దాన్ని తిరిగి మోసుకొని ఎక్కలేదు. ఈ సంగతి కొనేవాడికి తెలుసు. అందుకే సంత మొదట్లోనే, ఒక్కోసారి దారిలోనే, దళారీ చెప్పిన ధరకు సరకు చేతులు మారుతుంది. వాహనం లేకపోవడం ప్రయాణాన్ని కష్టతరం చేయడంతో ఆగదు, బేరమాడే శక్తిని తగ్గిస్తుంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంతల్లో అటవీ ఫలసాయాన్ని కొనడం, డి.ఆర్. డిపోల ద్వారా నిత్యావసరాలు అందించడం చేపట్టింది. అమ్మేవారు నడవవలసిన దూరాన్ని కొనేవారు తగ్గించడం ఆ ఏర్పాటులోని సారం. డిపో ఎంత దగ్గరగా ఉంటే దళారీ అంత దూరమయ్యాడు.

రోడ్డు విస్తరించిన కొద్దీ ఆర్టీసీ బస్సు, సర్వీసు జీపు, ఆటో సంత దారుల్లోకి వచ్చాయి. సంతనాడు జీపు పైకప్పు మీద కూడా మనుషులు కనిపించడం మన్యం ఎరిగినవారికి కొత్త కాదు. అందరూ పంచుకునే ఈ వాహనాల వేళలను కూడా సంతే నిర్ణయించింది. కడుపులో నొప్పి, కాన్పు మాత్రం సంత రోజు చూసుకొని రావు.

డోలీ దిగే చోటు

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా గల ఆవాసాలను అర్హతగా తీసుకుంది. ఈ సడలింపు వల్ల మన్యంలో చాలా ఊళ్ళకు తారు చేరింది. అయితే మన్యపు శిఖర గ్రామాలు పోడు, నీటి ఊట, కులగోత్రాల కట్టుబాట్లను అనుసరించి చిన్న చిన్న గూడేలుగా చెదిరి ఉంటాయి. పదీ ఇరవై గడపల గూడెం ఆ లెక్కకు అందదు. జనాభాను బట్టి రోడ్డు ఇవ్వడం గణితపరంగా న్యాయంగా తోచవచ్చు. కానీ ఊరు చిన్నదైనకొద్దీ డోలీ మోసే భుజాలు కూడా తక్కువ. సాయం ఎక్కువగా కావలసిన చోటే అర్హత తక్కువ పడింది.

2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవ ఫోను చేస్తే వాహనాన్ని పంపింది, ఆ వాహనం రోడ్డు ఉన్నంత వరకే వచ్చింది. ఆ కొరతను గుర్తించే 2018లో గిరిజన ప్రాంతాల్లో మోటారు సైకిలుకు తగిలించిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. గర్భిణులను కాన్పుకు ముందే తీసుకువచ్చి ఉంచే వసతి గృహాలూ అదే ఆలోచన నుండి పుట్టాయి. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ పేరుతో గిరిజన ఆవాసాల రోడ్ల పనులు ప్రారంభమయ్యాయి. డోలీ మోతలకు స్వస్తి చెప్పడం దాని ప్రకటిత లక్ష్యం. వందేళ్ళ క్రితం పితూరీకి ఒక కారణమైన బాట, అదే కొండల్లో ఇప్పుడు ప్రజల కోరికగా ప్రభుత్వ పత్రంలోకి ఎక్కింది.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన ‘స్త్రీశక్తి’ పథకం పల్లెవెలుగు తదితర ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించింది. వాహనం లేని స్త్రీకి టిక్కెట్టు భారం తగ్గడం చిన్న విషయం కాదు. అయితే ఈ మేలు బస్సు ఆగే చోట మొదలవుతుంది. గూడేనికీ ఆ చోటుకూ నడుమ ఉన్న కొండదారిలో ఉచితానికి అర్థం లేదు, అక్కడ ప్రయాణం ఎప్పుడూ ఉచితమే, భారమంతా ఒంటిదే.

ముగింపు

పై పరిశీలనలో ఒక క్రమం స్పష్టపడుతుంది. విశాఖ మన్యంలో రోడ్డు పాలన కోసం, రైలు ఖనిజం కోసం వచ్చాయి. వాహనం లేని జనం సంత అనే తమ క్రమంలో వాటిని ఇముడ్చుకొని, వాటి ప్రయోజనాన్ని కొంత మార్చగలిగారు. మార్చలేకపోయినది బాట ఆగిన చోటునుండి గూడెం వరకు ఉన్న దూరాన్ని. కారు లేకపోవడం అక్కడి సమస్య కాదు. కారు లేకుండానే బస్సు, రైలు, జీపు, సంతలతో నిండుగా బతికిన సమాజం అది. ఎవరి వాహనమూ చేరలేని ఆ చివరి దూరమే అసలు సమస్య.

రోడ్ల ప్రగతిని వేసిన కిలోమీటర్లలో లెక్కించడం అలవాటు. మన్యం చరిత్ర మరొక కొలమానాన్ని సూచిస్తుంది: ఒక గూడెం నుండి రోగిని ఎంత దూరం మోయాలి, ఎంతమంది మోయాలి? ఈ కొలతతో పాత విశాఖ జిల్లా ఏజెన్సీ మండలాలను, సంతదారులను, బస్సు మార్గాలను ఒకే పటం మీదికి తెచ్చే పరిశోధనకు అవకాశం ఉంది. మోసినవారి మౌఖిక చరిత్రను సేకరించడం అందులో మొదటి పని కావాలి. వీరాస్వామయ్య పల్లకీ మోసిన బోయీల మాట అందలేదు, నేటి డోలీ మోస్తున్నవారి మాట అందే దూరంలోనే ఉంది.