హుద్‌హుద్ నాడు ముందు లేవాల్సింది ఎవరు?

ఆ తూఫాన్‌కి పేరు ఇచ్చింది ఒమన్ దేశం. హుద్‌హుద్ అంటే ఖురాన్‌లో సులైమాన్ నబీకి సబా రాజ్యం ఖబర్ మోసుకొచ్చిన పరిందా. 2014 అక్టోబర్ 12, ఆదివారం, అదే పేరుతో విశాఖ మీద పడిన గాలి ఖబర్ అన్నదే లేకుండా చేసిపోయింది. బిజిలీ లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు చీలికలైంది. బక్రీద్ అయి ఆరు రోజులే. వన్ టౌన్‌లో మా ఇంట్లో ఫ్రిజ్‌లోని గోష్త్ పాడైపోతుందని అమ్మీ ఫికర్. నా ఫికర్ ఆఫీసు సర్వర్లు.

అప్పట్లో నాకు పోర్టు సరుకు లెక్కలు చూసే ఒక చిన్న కంపెనీలో నౌకరీ. పేరెందుకులెండి, కసూర్‌లో నా వాటా కూడా ఉంది. నాలుగు సర్వర్లు, వాటి మీద నలభై వర్చువల్ మషీన్లు. ఒకే పెద్దింట్లో వేరు కాపురాల్లాగా ఒక కంప్యూటర్‌లో అనేక కంప్యూటర్లు నడపడం పాత హునరే. ఐబీఎం 1972లోనే వీఎం/370 తెచ్చింది. మామూలు సర్వర్ల మీదికి వీఎంవేర్ 2001లో ఈఎస్ఎక్స్‌తో తెచ్చింది. 2006లో ఇంకో సౌలత్ కలిపింది: ఒక సర్వర్ పడిపోతే దాని మీది మషీన్లు మిగతావాటి మీద వాటంతటవే లేస్తాయి. ఆ ఇత్మినాన్‌తోనే మేం నిద్రపోయాం.

లేవడానికి జాగా ఉండాలి కదా! నాలుగూ 90 శాతం నిండి ఉంటే, ఒకటి పడిన రోజు మిగతా మూడింటి మీద 120 శాతం బరువు. సీదా హిసాబ్ ఏమిటంటే, నాలుగు కొన్నవాడు మూడే ఉన్నాయనుకొని 75 శాతం దగ్గర ఆగాలి. హద్దు దాటితే కొత్త మషీన్‌ని లేవనివ్వని ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అది మాటిమాటికీ అడ్డొస్తోందని మేమే దాన్ని ఆపేశాం.

బుధవారానికి జనరేటర్‌కి కాస్త డీజిల్ దొరికింది. ఏసీ లేని గదిలో రెండు సర్వర్లకు మించి నడపలేం. అంటే సగానికి కాస్త ఎక్కువ మషీన్లకే జాగా. ఎవరు ముందు? మేం ఎప్పుడూ అనుకోలేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 'మీడియం'లోనే దాదాపు అన్నీ ఉండిపోయాయి.

మేనేజర్ సాబ్ బిల్లింగ్ లేపమన్నారు. లేపాను. ఎవ్వరూ లోపలికి పోలేకపోయారు. లాగిన్ చూసే మషీన్ పడుకునే ఉంది, పేరు చెబితే అడ్రసు చెప్పే డీఎన్ఎస్ కూడా దాంట్లోనే, డేటాబేస్ సంగతి సరే సరి. గంటన్నర డీజిల్ దానికే పోయింది.

ఈలోపు గేటు దగ్గర హమాలీలు. వాళ్ల మజూరీ లెక్క ఒక చిన్న మషీన్‌లో ఉండేది. వారానికోసారి వాడేదే కదా అని నేనే దాన్ని అన్నిటికన్నా కింద పెట్టాను. "భాయ్, మా పైసల మషీన్ ఎప్పుడు లేస్తాది?" అన్నాడొకాయన. ఇంటి రేకులు ఎగిరిపోయిన మనిషి. నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఈ తర్తీబ్ మన ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీవాళ్లకు ఎప్పట్నుంచో తెలుసు. గోదావరి అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగింది. కోక్ ఓవెన్ ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆరనివ్వరు, చల్లారితే సిలికా ఇటుకలు పగులుతాయి. అందుకే సొంత పవర్ ప్లాంట్. బిజిలీ తగ్గినప్పుడు రోలింగ్ మిల్లులు ఆగినా పర్లేదు, ఫర్నేస్‌ని చల్లబరిచే నీళ్లు ఆగకూడదు. మిల్లు ఆగితే నుక్సాన్, నీళ్లు ఆగితే తబాహీ. ఇంత ఇంతెజామ్ ఉన్నచోట కూడా హుద్‌హుద్ ఉత్పత్తిని ఆపేసింది.

మా బ్యాకప్ పక్క గదిలో ఉండేది. అదే తూఫాన్, అదే బిజిలీ. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని ప్రకటించినప్పుడు దోస్తులంతా నౌకరీల గురించి మాట్లాడారు. నేను రెండో కాపీ ఏ ఊళ్లో అని అడిగితే నవ్వారు.

గురువారం పొద్దున పాత క్యాలెండర్ కాగితం వెనక కొత్త వరస రాశాను. మొదట లాగిన్, డీఎన్ఎస్. తర్వాత డేటాబేస్. తర్వాత మజూరీ. ఆ తర్వాత సరుకు లెక్కలు, అప్పుడు బిల్లింగ్. పరీక్షల కోసం పెట్టుకున్న పదకొండు మషీన్లు అసలు లేవక్కర్లేదు. మేనేజర్ సాబ్ చదివి, "బిల్లింగ్ అంత కిందా?" అని గుర్రుగా చూసి దస్తఖత్ చేశారు. మగ్రిబ్ వేళకు హమాలీల చేతికి పైసలు అందాయి.