బందరు దర్బారు

దర్బారు అనగానే మనకు నవాబులూ తఖ్తులూ జ్ఞాపకం వస్తాయి. బందరులో ఆ పేరు ఒక పత్రికాఫీసుకు దక్కింది. కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారి చుట్టూ సాయంకాలం చేరే గోష్ఠిని జనం దర్బారు అన్నారు. తఖ్తూ లేదు, తాజూ లేదు. కవులు, వకీళ్లు, గాయకులు కూర్చుని మాట్లాడుకునేవారు. మన ఉర్దూలో మెహ్ఫిల్ అంటామే, అదే.

ముట్నూరి వారు మన దివి తాలూకా మనిషే. 1879లో ముట్నూరులో పుట్టి, బందరు నోబుల్ కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి శిష్యులయ్యారు. పత్రిక మాత్రం ఆయన పెట్టింది కాదు. 1902 ఫిబ్రవరి 2న కొండా వెంకటప్పయ్య గారు, దాసు నారాయణరావు గారు మొదలుపెట్టారు. వెంకటప్పయ్య గారు గుంటూరు చేరాక ఆ బరువు కృష్ణారావు గారి మీద పడింది. 1907లో సంపాదకులై, 1945లో కన్నుమూసేదాకా దించలేదు. 38 ఏళ్లు ఒక్క పత్రికనే అంటిపెట్టుకున్న వారు ఎందరుంటారు?

ఆ 1907లోనే బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశం వస్తే ఆయన వెంట తిరిగారు. 1910లో కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య గార్లతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. సరిగ్గా అదే ఏడు సర్కారు ప్రెస్ చట్టం తెచ్చింది. దాని దెబ్బ ఎలాంటిదో ఉర్దూ చదివిన వాళ్లకు బాగా తెలుసు. మౌలానా ఆజాద్ గారు 1912లో కలకత్తాలో పెట్టిన అల్ హిలాల్ 1914లో ఆ చట్టం కిందే మూతపడింది. అంత గొప్ప రిసాలా రెండేళ్లకే ఆగిపోయిన రోజుల్లో మన బందరు వారపత్రిక నిలిచింది. రాజకీయంతో పాటు కవిత్వానికీ కళలకూ చోటిచ్చింది. రావూరు వెంకట సత్యనారాయణరావు గారి ‘వడగళ్లు’ శీర్షిక అందులో వచ్చిందే. ముట్నూరి వారి తర్వాత కొంతకాలం కాటూరి వెంకటేశ్వరరావు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఇక అచ్చు సంగతి. ఉర్దూ పత్రికలు చాలావాటికి కాతిబు ఉండేవాడు. చేత్తో రాస్తే రాతి మీదికెక్కించి అచ్చువేసేవారు. తెలుగుకు సీసపు అక్షరాలు. కంపోజిటరు ఒక్కొక్కటి ఏరి, తిరగేసిన అక్షరం కళ్లతో పోల్చుకుని వరసలో పేర్చాలి. గుడులూ కొమ్ములూ వత్తులతో అరలు నిండిపోయేవి. మాపటి దాకా నిలబడి చేసే పని. దర్బారులో ఎంత మంచి మాట పుట్టినా, ఈ చేతుల మీదుగా రానిదే మోపిదేవి పాఠకుడికి చేరేది కాదు.

సంపాదకుల పేర్లు పుస్తకాలకెక్కాయి. కంపోజిటర్ల పేర్లు వేసే ఆనవాయితీ అప్పట్లో లేదు. మన ఇళ్లలో బందరు ప్రెస్సుల్లో పనిచేసిన తాతలు, నానాలు ఉండివుంటే, పాత సంచికలు అటక మీద మిగిలివుంటే, చెదలకు వదలకండి. ఆ పేర్లు సొసైటీ ఆఫీసులో రాయించండి.