మామిడి పిందె (అలంకార నమూనా)

మామిడి పిందె: కొస ఒకవైపు వంగిన పిందె ఆకారపు అలంకార నమూనా. చీరల అంచులు, నగలు, ముగ్గులు, చేతితో చేసే శుభాకాంక్షల కార్డులపై కనిపిస్తుంది.

చరిత్ర: పర్షియాలో దీని పేరు బోతే. కాశ్మీరు శాలువాలతో ప్రసిద్ధికెక్కింది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్‌లోని పెయిస్లీ నేతగాళ్లు ఆ శాలువాలను అనుకరించడంతో ఇంగ్లీషులో ఆ ఊరి పేరే నమూనాకు స్థిరపడింది. కృష్ణా జిల్లా పెడన కలంకారీలో దీన్ని చెక్క అచ్చులతో గుడ్డపై అద్దుతారు. కరక్కాయ, పటిక, బెల్లంతో ఊరబెట్టిన ఇనుము రంగులకు ఆధారం.

అనుసరణ: సాటి కళాకారుల కార్డు నచ్చితే దాని అమరికను గ్రహించి ఆకారం, రంగులు, కాగితం మార్చుకోవడం అనుసరణ, గీతకు గీత దించడం నకలు. ఏలూరు జిల్లా నూజివీడు మామిడి సీమలో అనుసరణకు నమూనాలు తోటల్లోనే ఉన్నాయి: ముక్కు తేలిన కలెక్టరు (తోతాపురి), గుండ్రదనం కలిసిన రసాలు, కోలగా ఉండే బంగినపల్లి. పిందెను కలెక్టరు కాయగా మలిచి, లోపలి పూలకు బదులు మామిడి పూత గీస్తే కార్డుకు స్థానికత వస్తుంది.

హక్కులు: సంప్రదాయ పిందె ఆకారం అందరి సొత్తు. ఒకరు సొంతంగా గీసిన చిత్రానికి మాత్రం 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణనిస్తుంది. చిత్రకారుల జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. ఆ చిత్రాన్నే మార్చి వాడాలన్నా అనుమతి అవసరం.