లంబసింగి రోడ్డు: సైకిలు మీద మన్యం చరిత్ర

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే రోడ్డు ఇప్పుడు మంచు చూడటానికి వచ్చేవాళ్ల రోడ్డు అయింది. డిసెంబరు, జనవరి నెలల్లో శని ఆదివారాలు తెల్లవారుజామున కార్లు వరసకట్టి ఉంటాయి. సైకిలు వేసుకుని వచ్చే కుర్రవాళ్లు కూడా ఈమధ్య కనిపిస్తున్నారు. వాళ్లను చూస్తే నాకు సంతోషమే. కారులో వచ్చినవాడికి ఘాటు ఒక అరగంట. సైకిలు మీద వచ్చినవాడికి ప్రతి మలుపూ తొడల్లో తెలుస్తుంది. ఈ రోడ్డు ఎవరి ఒళ్లు హూనం చేసి వేశారో చెప్పినా ఆ సైకిలువాడికే త్వరగా అర్థమవుతుంది.

వందేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు పని అతని చేతి కింద సాగింది. పనిచేసింది చుట్టుపక్కల గూడేల ఆదివాసులు. ఇస్తామన్న కూలి పూర్తిగా ఇవ్వలేదు. రానన్నవాడికి దెబ్బలు. పై అధికారులకు ఫిర్యాదులు వెళ్లినా అతనికి ఏమీ కాలేదు. బట్టిపనుకుల గ్రామ మునసబుగా పనిచేసిన గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర తిరుగుబాటులోకి రావడానికి ఈ అధికారితో వచ్చిన తగాదా ఒక పెద్ద కారణం. పాఠ్యపుస్తకంలో 'మన్యం తిరుగుబాటు' అని ఒక పేరా ఉంటుంది. అందులో అటవీ చట్టం ఉంటుంది, పోడు మీద ఆంక్షలు ఉంటాయి. 1882 మద్రాసు అటవీ చట్టం మన బతుకు మీద పడ్డ దెబ్బే, అది నిజం. కానీ పిల్లలకు ముందు ఈ రోడ్డు చూపించి చెప్పాలని నా అభిప్రాయం. చట్టం అంటే వాళ్లకు కాగితం. రోడ్డు అంటే కాలి కింద ఉన్నది.

రోడ్డు ఎందుకు కావలసి వచ్చింది? కొండ మీదికి పోలీసు త్వరగా రావాలి, కొండ మీది కలప కిందికి త్వరగా దిగాలి. మనకు సంతకు పోవడానికి కాలిబాటలు అప్పటికే ఉన్నాయి. అడ్డాకులు, చింతపండు, పసుపు కావిళ్లలో ఆ బాటల మీదే దిగేవి.

సైకిలు మీద వెళ్లేవాళ్లు మామూలు రోజుల్లో, వారం మధ్యలో వెళ్లడం మేలు. లంబసింగిని మనవాళ్లు కొర్రబయలు అని కూడా అంటారు. చలికి బయట ఉన్న మనిషి కర్రలాగ బిగుసుకుపోతాడని ఆ పేరట. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి చింతపల్లి దాకా కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియం తీగలు, కాలాన్ని బట్టి వలిసె పూలు. ఎక్కేటప్పుడు దిగి తోసుకుంటూ నడిచినా తప్పేమీ లేదు. దిగేటప్పుడు మాత్రం బ్రేకులు ముందే చూసుకోవాలి. మంచులో ఎదురొచ్చే జీపు దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

చింతపల్లి చేరాక పోలీసు స్టేషను దగ్గర ఆగాలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గంటం దొర, మల్లు దొర, వాళ్ల వెంట వచ్చిన మన్యం జనం మొదట ఇక్కడే తుపాకులు తీసుకున్నారు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్య దొరను విడిపించారు.

ఈ మూడు ఊళ్ల పేర్లూ వరసగా పరీక్షలో రాసేస్తాం. మ్యాపు మీద పక్కపక్కనే ఉన్నట్టు ఉంటాయి. సైకిలు ఎక్కి చూడండి. చింతపల్లి కొండ మీద ఉంది, కృష్ణదేవిపేట కొండ కింద ఉంది, రాజవొమ్మంగి ఇంకో లోయలో ఉంది. ఆగస్టు అంటే వాన, జలగలు, పొంగే గెడ్డలు. తారు రోడ్డు మీద గేరు సైకిలుతోనే ఒళ్లు హూనమయ్యే దూరం అది. తుపాకులు మోసుకుంటూ కాలినడకన మూడు రోజుల్లో వెళ్లారంటే, దారి తెలిసినవాళ్లు ముందు నడిచారు, ఊరూరా అన్నం పెట్టినవాళ్లు ఉన్నారు. రాజు ఒక్కడి ధైర్యం వల్ల అయ్యే పని కాదు ఇది. ఆయన్ను తక్కువ చేయడానికి అనడం లేదు. దారి చూపినవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా కనిపించవు, అందుకే అంటున్నాను.

దామనపల్లి ఘాటు గూడెం కొత్తవీధి వైపు ఉంది. రోడ్డు అన్నిచోట్లా బాగుండదు కాబట్టి సన్న టైర్ల సైకిళ్లు పనికిరావు. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు అక్కడ చనిపోయారు. పోలీసు బలగం వరసగా సన్న దారిలో నడుస్తోంది. ముందు నడిచిన మన దేశపు కానిస్టేబుళ్లను తిరుగుబాటుదార్లు పోనిచ్చారు. దొరలు ఎదురుగా వచ్చేదాకా ఆగి అప్పుడు కాల్చారు. తోటివాడిని చంపకూడదన్న పట్టింపు యుద్ధంలో కూడా నిలబెట్టుకున్నారు. ఆ మలుపుల్లో నిలబడితే అది ఎలా సాధ్యమైందో తెలుస్తుంది. పైనున్నవాడికి దారి అంతా కనిపిస్తుంది, కింద నడిచేవాడికి తన ముందువాడి వీపు తప్ప ఏమీ కనిపించదు. చనిపోయిన ఆ ఇద్దరి సమాధులూ నర్సీపట్నంలో ఉన్నాయి. ఆ పోరులో కొండ మీద చచ్చిపోయిన మనవాళ్లలో ఎంతమందికి సమాధి ఉంది?

గంటం దొరకు ఉంది. కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి దగ్గరే ఆయన సమాధి కూడా ఉంది. ఏజెన్సీలో అందరూ కే.డి.పేట అంటారు. నర్సీపట్నం నుంచి గొలుగొండ మీదుగా వెళ్లే ఈ దారి ఎత్తుపల్లాలు తక్కువ, బళ్లు తక్కువ, మామిడి జీడి తోటల మధ్య నడుస్తుంది. కొత్తగా సైకిలు తొక్కేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి. ఒక తమాషా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. రాజు సమాధి ఉన్న కే.డి.పేట మాత్రం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది.

అక్కడి నుంచి ముందుకు పోతే కొయ్యూరు ప్రాంతం. మంప దగ్గర రాజును పట్టుకుని, 1924 మే 7న కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. అంతకు ముందే కొండలు అస్సాం రైఫిల్స్‌తో నిండిపోయాయి. గంటం దొర తర్వాతి నెలలోనే పోయాడు. మల్లు దొర అప్పటికే పట్టుబడి ఉన్నాడు. అండమాన్ వెళ్లి బతికి వచ్చాడు. 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. కొండ మీద తుపాకీ పట్టిన మనిషి పార్లమెంటులో కూర్చున్నాడన్న సంగతి మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

కొయ్యూరు నుంచి రాజవొమ్మంగి, జడ్డంగి, అడ్డతీగల మీదుగా రంపచోడవరం దారి నాకు అన్నిటికంటే ఇష్టం. ఎక్కువ దూరం చెట్ల నీడే. అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి కూడా 1922 అక్టోబరులో వెళ్లారు గానీ పోలీసులు జాగ్రత్తపడి ఆయుధాలు ముందే దాచేశారు. ఈ వైపు కథ ఇంకా పాతది. 1879లో ఇక్కడే రంప పితూరీ మొదలైంది. మన జీలుగు చెట్టు, మన కుండ, మన కల్లు, దాని మీద పన్ను. ద్వారబందాల చంద్రయ్య, కారం తమ్మన్న దొర పేర్లు అప్పటివి. జీలుగు చెట్లు ఇప్పటికీ దారి పొడుగునా కనిపిస్తాయి.

ఈ దారులు ఇంకెంతకాలం నిశ్శబ్దంగా ఉంటాయో తెలియదు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారి విస్తరణ పని జరుగుతోంది. నేను దానికి అడ్డు చెప్పను. పురుటి నొప్పులతో ఉన్న ఆడమనిషిని డోలీలో మోసుకెళ్లే ఊళ్లు మనవి. రోడ్డు కావాలి. అయితే పాత ఘాటు మలుపులు, దారి పక్క రాళ్లు, ముసలి చెట్లు పోకముందే ఏది ఎక్కడ జరిగిందో రాసిపెట్టుకోవాలి. పెద్ద పిల్లల్ని సెలవురోజు సైకిళ్ల మీద పంపి, ప్రతి ఊళ్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగించాలి. మీ తాత ఈ రోడ్డు పనిలో ఉన్నాడా, కూలి ఎంత ఇచ్చారు, ఆ రాత్రి అన్నం ఎవరు పెట్టారు, ఏ బాటలో నడిపించారు అని. కొత్త రోడ్డు పక్కన పచ్చబోర్డులు పెట్టేటప్పుడు లంబసింగి ఘాటు మొదట్లో ఇంకో బోర్డు కూడా కావాలని గ్రామసభల్లో తీర్మానం రాయించవచ్చు. ఈ రోడ్డు ఏ సంవత్సరాల్లో, ఏ గూడేలవాళ్లతో, ఏ కూలికి వేయించారో దాని మీద ఉండాలి. గూడేల పేర్లు మన ముసలివాళ్లే చెప్పాలి.