అద్భుత ఔషధములు – లొంగని క్రిములు

ఉగాదినాడు తొలుత వేపపూత చేదు నోట వేసికొనుట మన ఆచారము. ఆ ధైర్యముతోనే ఈ పండుగ సంచికలో ఒక చేదు విషయమును మనవి చేయుచున్నాము. మేము రైల్వే గుమాస్తాలమేగాని వైద్యులము కాము. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

1898లో ప్లేగు హుబ్బళ్ళి వైపునుండి రైలుమార్గమున బెంగుళూరునకు వచ్చినది. వేలకొలది జనము మరణించిరి. నేడు మనవారెందరో కాపురముండు మల్లేశ్వరము, బసవనగుడి విశాలమైన వీధులతో పెరుగుటకు ఆ ప్లేగు ఒక ముఖ్యకారణము. ఆనాడు దానిని నమ్మకముగా నయముచేయు మందు లేదు. ఇల్లు విడిచి బయట పాకలలో తలదాచుకొనుటయే జనులెరిగిన ఉపాయము.

1928లో లండనున అలెగ్జాండరు ఫ్లెమింగు స్టాఫిలోకాకస్ అను క్రిమిని పెంచుచుండగా పళ్ళెములో బూజు పట్టినది. బూజు చుట్టునున్న క్రిములు నశించినవి. పెనిసిలిన్ పుట్టుక అదియే. ఈ స్టాఫ్ క్రిమి ఎందరికో చర్మము మీదను, ముక్కులోను ఊరకుండునదే. గాయము దొరికెనా, సెగగడ్డయై లేచును. రక్తములో కలిసెనా, ప్రాణము మీదికి తెచ్చును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా వెళ్ళి, అనంతరము లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతియైరి. వారి నాయకత్వమున బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందు సాధించెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. 1994లో సూరతున ప్లేగు భయము పుట్టగా జనులు మ్రింగినవి ఆ జాతి మందులే. మనవలెనే పొట్టచేతబట్టుకొని పరదేశమునకు పోయిన ఒక తెలుగువాని కృషిఫలము అటుల మరల మన దేశమునకు చేరినది.

అయితే క్రిమియు ఊరకుండలేదు. పెనిసిలినునకు లొంగని స్టాఫ్ క్రిములు 1942 నాటికే ఆసుపత్రులలో కనబడినవి. చాలీచాలని మోతాదు క్రిములను మొండివానినిగా చేయునని ఫ్లెమింగు 1945లో నోబెల్ ఉపన్యాసముననే హెచ్చరించెను. మందు చాలనప్పుడు బలహీనమైనవి చచ్చును, మొండివి మిగిలి వాని సంతతియే పెరుగును. మొండివానికై మెథిసిలిన్ తెచ్చిరి. 1961లో దానికిని లొంగని క్రిమి ఇంగ్లండున బయటపడినది. దానినే ఎం.ఆర్.ఎస్.ఏ. అందురు. అది మందులకు లొంగనందున 2019లో ప్రపంచమున 1,00,000కు పైగా జనులు మరణించిరని 2022లో లాన్సెట్ వైద్యపత్రిక లెక్క ప్రకటించినది.

ఇదంతయు పొరుగువారి కథయని మేమును తలచితిమి. గత ఏడు మా పిల్లవాని మోకాటిపై సెగగడ్డ లేచినది. ఊరినుండి వచ్చునపుడు తెచ్చుకొన్న మాత్రలు పెట్టెలో మిగిలియుండగా అవి వేసితిమి. మూడు దినములకు కొంత తగ్గగానే ఆపితిమి. వారము తిరుగకుండ వాపు తొడవరకు ప్రాకి, ఒళ్ళు కాలిపోయినది. ఆసుపత్రిలో చీము పరీక్ష చేసి, మేము వేసిన మాత్ర ఆ క్రిమిపై పనిచేయదని డాక్టరుగారు చెప్పిరి. తొమ్మిది రాత్రులు వాని మంచము ప్రక్కన కూర్చుంటిమి. దైవకృపచే బిడ్డ దక్కినాడు. తప్పు ఎవరిదో కాదు, మాదే.

కావున సోదరసోదరీమణులకు మా విన్నపము. మాత్రల పట్టీపై ఎర్రగీత యున్నచో డాక్టరు చీటీ లేనిదే కొనవలదు. వ్రాసినన్ని దినములు వాడుడు. మిగిలినవి పొరుగింటికి ఈయవలదు. జలుబునకు ఈ మందులడిగి వైద్యుని వేధింపవలదు. పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగింపుడు, గాయమును కప్పి యుంచుడు.

సుబ్బారావుగారు మనకు విడిచిపోయిన ఆస్తి ఇది. దానిని దుబారా చేయక బిడ్డలకందింతము గాక. అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.